సారు వాళ్ళమ్మ సన్నికల్లు

"నీ నోట్ల మన్నువడ! ఒక్క అబద్ధంతోని నా కూడు తీసినవ్ గదనే."

"నువ్వు ఒక్క నిజం కడుపుల దాసుకుంటే నేను బడికి పోతుంటి గదనే ముసల్దానా."

మొదటి మాట మా అమ్మమ్మది. రెండోది నాది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. అలాగని ఆమె మర్నాడు చచ్చిపోలేదు. ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. మౌలాలి గుట్ట కింద రేకుల గదిలో ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒకే చాప మీద పడుకున్నాం. ఆమెకు జ్వరమొస్తే నేను గంజి కాచాను. నాకు అమ్మవారు పోస్తే ఆమె వేపాకు పరిచింది. మాట మాత్రం మళ్ళీ కలవలేదు.

నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు. నా చదువు బస్సు మీద పేరు కూడబలుక్కునే వరకే, రాత సంతకం వరకే. పిల్ల డిగ్రీ చదువుతోంది. నేను నా తీరుగా చెప్తే తను పుస్తకాల తీరులో పెడుతోంది. మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఊరికే పడుకుంటున్నానని దానికి బెంగ. "అత్తా, గట్ల గోడను చూసుకుంట ఎన్ని దినాలుంటవ్? ఏదన్న చెప్పు, రాస్తా" అంది. ఏం చెప్పాలో నిన్నటిదాకా తెలియలేదు. నిన్న మా గల్లీలో డ్రైనేజీ కోసం మిషను పెట్టి బండ పగలగొట్టారు. కాలిన బండ వాసన ఇంట్లోకి వచ్చింది. మా అమ్మమ్మ కొంగు వాసన అది. ముక్కు మూసుకున్నా పోలేదు.

మా అమ్మ నన్ను కని పోయింది. పెంచింది అమ్మమ్మే. ఆమెది కక్కు కొట్టే పని. వాడగా వాడగా రోలు, సన్నికల్లు, విసుర్రాయి అరిగి నున్నబడిపోతాయి. నున్నటి రాతి మీద అల్లం జారుతుంది గానీ నలగదు. అప్పుడు ఉలి ఆనించి, సుత్తెతో సన్నగా గంట్లు కొట్టాలి. చుక్క పక్కన చుక్క, తొలి చినుకులు దుమ్ము మీద పడ్డట్టు. అదే కక్కు. ఆమె మారేడ్‌పల్లి వీధుల్లో "రోళ్ళకు కక్కూ, సన్నికల్లుకు కక్కూ" అని కేకేస్తూ పోతుంటే వెనక సంచి మోసేది నేను. మూడో తరగతిలో బడి మానిపించింది అందుకే. "సంచి మొయ్యనీకి సదువెందుకే?" అనేది.

మావాళ్ళలో ఒక కట్టడి ఉండేది. నీళ్ళు తాగిన ఇంట్లో రాయి బోడిగా కనిపిస్తే చూసీ చూడనట్టు లేచి రాకూడదు. ఇంటివాళ్ళు అడగకపోయినా, ఏమీ ఇవ్వకపోయినా, కక్కు కొట్టే రావాలి. లేకపోతే చెయ్యి పడిపోతుందని భయం. ఒకసారి ఒక ఇంట్లో గ్లాసెడు నీళ్ళు తాగి, వద్దు మొర్రో అంటున్నా వినకుండా వాళ్ళ రోలు ముందు కూర్చుంది. ఆ ఇంటావిడ, తర్వాత పైసలు అడుగుతుందేమోనని, ముందే తిట్టడం మొదలుపెట్టింది. అమ్మమ్మ తిట్లు తింటూనే పని ముగించి, గుప్పెడు నూకలు వేసి నూరి, ఆ మొదటి వాయి పారబోసి, కడిగి, లేచి వచ్చింది. "తిడితే తిట్టింది, రాయి అయితే బతికింది" అంది నాతో. నాకు ఆమె మీద అసహ్యం పుట్టింది. ఆకలిగా ఉన్నప్పుడు అలాంటివి గొప్పగా కనిపించవు.

తర్వాత రాళ్ళే లేకుండా పోయాయి. సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ నేర్పుతామనే బోర్డులు. పెంకుటిళ్ళు కూల్చి అపార్టుమెంట్లు లేపారు, మూడో అంతస్తుకు రోలు ఎవరు మోస్తారు? అందరిళ్ళలోనూ మిక్సీ. "గీపెడ్తది, నూరదు" అని అమ్మమ్మ దాన్ని తిట్టేది. ఒకరోజు మోండా మార్కెట్ వెనక చెత్తకుండి పక్కన మూడు రోళ్ళు బోర్లా పడి ఉన్నాయి. కుళ్ళిన కొత్తిమీర, మురుగు, ఈగలు. అమ్మమ్మ చీర ఎగ్గట్టుకుని దిగి, శవాల మొహాలు చూసినట్టు ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసింది. "ఇది నేను కొట్టిందే. ఇది సుత నాదే." మూడోది ఎవరిదో అయినందుకు ఆమెకు కాస్త సంతోషం కూడా కలిగిందనుకుంటాను.

అలా పని పోయాకే ఆమె మ్యూజియంలో ఊడ్చే పనికి కుదిరింది. వెంట నేనూ పోయి ఊడ్చేదాన్ని. బొల్లారం పోయే దారిలో పాత బంగళా అది. దాన్ని చూసుకునేది ఒక సారు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిన పెద్దమనిషి. జనం పారేసిన దీపాలు, తక్కెళ్ళు, ట్రంకు పెట్టెలు ఏరి తెచ్చి అద్దాల బీరువాల్లో పెట్టేవాడు. అమ్మమ్మకు నవ్వొచ్చేది. "ఇంట్ల పారేసినయన్ని దెచ్చి దీపం పెడ్తుండు. ఈనె పెండ్లాం ఏమనదా?"

ఆ ఎండాకాలం ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి సారు అక్కడ ముచ్చట్లు షురూ చేశాడు. ఒక్కో వారం ఒక్కో వస్తువు. బల్ల మీద పెట్టి గుడ్డ కప్పేవాడు. జనం జంపఖానా మీద కూర్చునేవారు. పెన్షన్ పెద్దలు, సెలవులకు విసిగిపోయి పిల్లల్ని తోలుకొచ్చిన తల్లులు, ఆదివారం కూడా మెడలో ఆఫీసు కార్డు తీయని సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు. సారు గుడ్డ తీసి ఆ వస్తువు ఎవరిదో, ఎలా వాడేవారో చెప్పేవాడు. అయ్యాక ఉప్మా, చాయ్, బిస్కెట్లు. ఫినాయిలు వాసన మీద కరివేపాకు వాసన పడితే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరతాయి.

ఇంటికి వచ్చాక నేను సారులాగా మాట్లాడి చూపించేదాన్ని. చేతులు వెనక్కి కట్టుకుని, "ఏటమ్మా, ఊడవడం అయిపోయిందేటి? ఈ గాజు మీద ఈ వేలిముద్ర ఎవలదేటి?" అనేదాన్ని. అమ్మమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేది. "మల్ల ఒక్కసారి అనవే" అని అడిగేది. ఆమె నవ్విన ఎండాకాలం అదొక్కటే.

ఒక వారం సారు ఒక దొర ట్రంకు పెట్టె తెచ్చాడు. దాని తాళంలో ఏదో కిటుకు ఉందనీ, అది తెలిసినవాళ్ళందరూ చనిపోయారనీ, ఇక దాన్ని ఎవరూ తెరవలేరనీ చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. నేను చీపురు పక్కన పెట్టి వెళ్ళి, పిడి కింద వేలు దూర్చి, పక్కకు నొక్కాను. మూత లేచింది. లోపల పదిహేను బిస్కెట్లు. వారం రోజులుగా నేను దొంగిలించి దాచుకున్నవి. జనం పడీ పడీ నవ్వారు. సారు కూడా నవ్వి, నా నెత్తి మీద చెయ్యి వేసి, "దీనికి బుర్రుందండి. దీన్ని బళ్ళో వేసీవలసిందే" అన్నాడు.

ఊరికే అనలేదు. హాస్టలు ఉన్న ఇంగ్లీషు బడి నడిపే మేడం ఒకావిడ ఆయనకు తెలుసు. తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ బడివే. ముచ్చట్ల ఆఖరి ఆదివారం ఆవిడ వస్తుంది, నన్ను చూస్తుంది, నచ్చితే సీటు. అప్పటినుంచి ఊడవడం అయ్యాక సారు నాకు పలక ఇచ్చి అక్షరాలు దిద్దించేవాడు. నేను మోండా మార్కెట్లో క్యాబేజీల గుట్ట ముందు నిలబడి, "గుడ్ మార్నింగ్ మేడం" అని చెప్పి అభ్యాసం చేసేదాన్ని. కూరగాయలామె, "మేడం అంటే నేనేనా బిడ్డా? తీస్కో" అని ఒక టమాటా చేతిలో పెట్టేది.

"హాస్టల్ల ఏస్తే నన్నెవలు జూస్తరు?" అని అమ్మమ్మ ఒక్కసారి గిన్నెతో అన్నట్టు అంది. మర్నాడు తనే మోండాలో ఎర్ర రిబ్బన్లు కొనుక్కొచ్చింది.

ఆఖరి ఆదివారం ముందు రోజు శనివారం. పొద్దున నేను మళ్ళీ బిస్కెట్లు తీశాను. అమ్మమ్మ చూసి, మ్యూజియం చూడవచ్చిన పిల్లల ముందు నా చెంప పగలగొట్టింది. నా వయసు పిల్లలు. మంచి గౌన్లు వేసుకున్నవాళ్ళు. ఒక పిల్ల తన తల్లి వెనక్కి జరిగింది. ఆ జరగడం నాకు దెబ్బకంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మధ్యాహ్నం సారు ఆటోలో ఒక సన్నికల్లు తెచ్చాడు. వాళ్ళమ్మది. ఆఖరి ముచ్చట దాని గురించే. నడుమ దోనెలాగా గుంత పడి, అద్దంలాగా మెరుస్తోంది. దాని ముందు కూర్చుని అరచేత్తో నిమిరాడు. "చూడవే పిల్లా, ఒక్క గంటు కూడా మిగల్లేదు. ఇంకేటీ నలగదు దీని మీద" అన్నాడు. ముద్దుగా అన్నాడు. "మా అమ్మ చెయ్యి ఇది. నూరి నూరి ఇలగ రాతిలోకి వెళ్ళిపోయింది. రేపు అందర్నీ కళ్ళు మూసుకుని ముట్టుకోమంటాను" అన్నాడు.

నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, అయింది.

సాయంత్రం అమ్మమ్మ రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

"సారు వాళ్ళమ్మ రాయి వచ్చింది. బోడిగుండు లెక్కుంది."

"గట్లనా?"

"దానిమీద ఏం నలగదట. కక్కు కొట్టెటామె ఇంట్లనే ఉండి ఏం ఫాయిదా అన్నడు."

రొట్టె తిప్పే చెయ్యి ఆగింది. "సారు అన్నడా?"

"మల్ల? రేపు మేడం ముంగట సుత అంటడట."

ఆమె మొహం చిన్నబోతే చూడాలని ఉండింది. చిన్నబోయింది. రొట్టె మాడిపోయింది. అక్కడితో నా చెంప దెబ్బకు చెల్లయింది. ఆ బంగళాలో ఆమె ఎన్ని నెలలుగా నీళ్ళు తాగుతోందో అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆమె సంచి దులిపి ఉలి బయటికి తీసింది. కొంగుతో తుడిచింది, బండకు రాసి పదును చూసింది. నేను చాప మీద పడుకుని చూస్తూ ఉన్నాను. ఉత్తదే అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. ఇంకో దెబ్బ పడుతుందని చెప్పలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా మొదటి బస్సెక్కాం. తాళం చెవి ఆమె దగ్గరే ఉండేది. లోపలికి పోయి కూర్చుంది. టిక్ టిక్ అని మొదలైంది. ఆపితే నా అబద్ధం బయటపడుతుంది, సీటు పోతుంది. నేను వరండా మెట్ల మీద కూర్చుని రిబ్బన్లు సరిచేసుకున్నాను. కాలిన బండ వాసన బయటికి వచ్చింది.

ఆ రోజు జనం బాగా వచ్చారు. మేడం తెల్లచీర కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. నేను గుడ్ మార్నింగ్ చెప్పాను. "వెరీ గుడ్" అంది. ఆ రెండు మాటలు చాలు, నేను అప్పుడే హాస్టల్లో ఉన్నాను.

సారు గుడ్డ తీయకుండానే వాళ్ళమ్మ గురించి చెప్పాడు. చిన్నప్పుడు అన్నం లేకపోయినా ఆ రాతి మీద పచ్చడి నూరి ఎలా కడుపు నింపేదో చెప్పాడు. తర్వాత మేడంను కళ్ళు మూసుకోమని, ఆవిడ చెయ్యి పట్టుకుని గుడ్డ కిందికి పంపాడు. "నిమరండి. ఎంత నునుపో చూడండి."

మేడం చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళకు తెల్లటి పిండి.

సారు గుడ్డ తీశాడు. రాతి నిండా కక్కు. అంచు నుంచి అంచు దాకా, ఒక్క గంటు పక్కకు పోకుండా. అంత మంచి పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

"ఎవరు చేసీసేరిది?"

అమ్మమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నేనే సారు. పొద్దుగాల వచ్చి కొట్టిన. ఇగ ఇరవై ఏండ్లు సూడక్కర్లే. జెర నూకలేసి ఒక్క వాయి నూరి పారబోయిర్రి, దుమ్ము పోతది. పైసలు గిట్ల ఏమొద్దు."

వెనక నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి "సూపర్ అమ్మా!" అన్నాడు. నవ్వు మొదలైంది. ముందు పిల్లలు, తర్వాత తల్లులు. అమ్మమ్మ మెచ్చుకుంటున్నారనుకుని తనూ నవ్వింది.

సారు నేలమీద కూలబడి రాతి మీద చెయ్యి పెట్టాడు. అరవలేదు. "మా అమ్మ చెయ్యి ఉండేదిక్కడ. గీకీసేవే. మొత్తం గీకీసేవు" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

"మీరే గద సారు అన్నది?" అమ్మమ్మకు ఇంకా అర్థం కాలేదు. "కక్కు కొట్టెటామె ఇంట్లనే ఉండి ఏం ఫాయిదా అన్నరంట. మా పిల్ల చెప్పింది."

అందరూ నావైపు తిరిగారు. మేడం కూడా.

"నువ్వు చెప్పేవేటి?" అన్నాడు సారు.

"లే సారు. నేనేం చెప్పలే. నేనొద్దన్న, ఇనలే. ఆమెకు జెర మతి తప్పింది సారు, ఇంట్ల సుత గిట్లనే చేస్తది."

అమ్మమ్మ నన్ను చూసింది. అప్పుడు తల వంచుకుని ఊరుకుంటే నేను ఈపాటికి ఏ బడిలోనో టీచరమ్మను. ఊరుకోలేదు. ఆమెకు కూడు కావాలి, నాకు చదువు కావాలి. ఇద్దరికీ సరిపడా జాలి ఆ గదిలో లేదు.

"మతి తప్పిందా? మేడమ్మా, దీని నోట్లకెల్లి నిజం రాదమ్మా. నిన్న సారు బిస్కెట్లు సుత ఇదే దొంగిలించింది. కొట్టిన అని నా మీద పగ వట్టి గిట్ల జేసింది. దొంగముండ. దీన్ని నమ్మకుర్రి."

మేడం లేచి వేళ్ళు రుమాలుతో తుడుచుకుంది. "మీరు చెప్పిన అమ్మాయి ఈ పిల్లేనా?" అని సారును అడిగింది.

సారు నన్ను ఎగాదిగా చూశాడు. రిబ్బన్లు కూడా చూశాడు. "కాదండి. ఆ పిల్ల ఇవేళ రాలేదు" అన్నాడు.

ఆ పొద్దున అబద్ధమాడింది నేనొక్కదాన్నే కాదు.

సంచి తీసుకుని పొమ్మన్నాడు. మేము గేటు దాటేసరికి లోపల ఉప్మా పెడుతున్నారు. కరివేపాకు వాసన బస్టాపు దాకా వెంట వచ్చింది. మొదట రాయించిన ఆ రెండు మాటలూ అక్కడ అనుకున్నాం. బస్సొచ్చింది, చెరో సీట్లో కూర్చున్నాం.

తర్వాత ఆమె సాఫ్ట్‌వేర్ ఆఫీసులు కట్టే చోట కంకర మోసింది. నేను మారేడ్‌పల్లిలో గిన్నెలు తోమాను. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే గోడతో చెప్పుకునేవాళ్ళం. "గోడా, పప్పుల ఉప్పు లేదు" అనేది ఆమె. "గోడా, తినేటోళ్ళు తింటరు, లేకుంటే పంటరు" అనేదాన్ని నేను. బస్తీలో అందరికీ మేము తమాషా. ఆమె మళ్ళీ ఉలి పట్టలేదు. ఎవరింట్లోనూ నీళ్ళు తాగేది కాదు, నాలుక పిడచకట్టినా. ఒక్కోసారి కూర్చున్నచోటే కుడి అరచెయ్యి నేలకేసి రాస్తూ ఉండేది. "ఒకల తల్లిని గీకిన గోడా. నా చెయ్యి పాపం జేసింది" అనేది.

పద్దెనిమిదో ఏట నాకు పెళ్ళయింది. ఆయన ఆటో నడిపేవాడు, తెలుగు బాగా చదివేవాడు. మా గదికే వచ్చి ఉన్నాడు. మరుసటి ఏడు ఎవరిదో బేరం మీద ఆ బంగళాకు పోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. సారు లేడు. విశాఖపట్నం పోయాడట. మ్యూజియం వేరేవాళ్ళ చేతికి వచ్చింది. నడి గదిలో, అద్దాల పెట్టెలో, పైనుంచి దీపం వేసి, ఆ సన్నికల్లు. పక్కన ఒక కార్డు. చదవమన్నాను.

"'ఈ శిలపై గల సన్నని గంట్లు పూర్వకాలపు శిల్పుల అరుదైన పనితనానికి నిదర్శనం. ఇంతటి నేర్పు గల చేయి నేడు కానరాదు. దయచేసి తాకరాదు'" అని ఆయన చదివాడు.

"మల్ల సదువు" అన్నాను. మూడుసార్లు చదివించుకున్నాను.

"ఏందే? ఏమైంది?" అన్నాడు.

"ఏం లే."

ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అప్పటికే లేవలేని స్థితి. ఒక్క ముక్క చెబితే చాలు. ఆమెతో చెప్పక్కర్లేదు, గోడతో చెప్పినా వినేది. చెబుదామనే వచ్చాను. దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూనే వచ్చాను. తీరా ఆమె వీపు చూసేసరికి, ఆ నాలుగు అక్షరాలు చదవడానికి నాకు మొగుడు కావలసి వచ్చిందని గుర్తొచ్చింది. బియ్యం కడగడానికి కూర్చున్నాను.

ఆ వానాకాలమే ఆమె పోయింది. పోయే ముందు రోజు పొద్దున, "గోడా, నేను జేసిన పని గంత చెడ్డదా?" అని అడిగింది.

నన్ను అడగలేదు కదా అనుకున్నాను. గిన్నెలు తోమాను.

మా ఆయనకు కూడా ఈ సంగతి చెప్పలేదు. చెబితే, ఆమెకెందుకు చెప్పలేదే అని అడుగుతాడు. అడగడానికి ఇప్పుడు ఆయనా లేడు.

అయిపోయింది బిడ్డా. ఏంది, కండ్లు తుడుసుకుంటున్నవ్? నన్ను మంచిదాన్ని జేసి ఏమన్న రాస్తివా? రాస్తే కొట్టెయ్యి. ఇగ మొదటికెల్లి సదువు, నేనింటా. నిమ్మలంగ సదువు. నడుమల ఆగకు. నేను ఏడ్సినా సుత ఆగకు.